అర్థం కాకుండా రాయొచ్చా?

బడిలో పద్యం అంటే మూడు ముక్కలు. ముందు పద్యం, తర్వాత ప్రతిపదార్థం, ఆ తర్వాత భావం. పద్యం నోటికి రాకపోయినా భావం రాస్తే పరీక్షలో గట్టెక్కవచ్చు. డి.ఎడ్. చదివేటప్పుడు మేము రాసిన పాఠ్యపథకాల్లో కూడా, పీరియడ్ అయిపోయేసరికి పిల్లలు ఏం చెప్పగలగాలో ముందే రాయాల్సిన గడి ఒకటి ఉండేది. పద్యం విని పిల్లవాడు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు అని రాయడానికి అందులో చోటు లేదు. చెరకు నమిలినవాళ్లు రసం మింగి పిప్పి ఊస్తారు. మన బడిలో పద్యం విషయంలో పిప్పిని దాచుకోవడం నేర్పారు.

అందుకే మన రచయితల కూడికల్లో ఎవరైనా తమ్ముడు లేచి కవిత చదవగానే సార్లు ముందుగా అడిగే మాట, "భావమేంది, నాలుగు ముక్కల్లో చెప్పు తమ్మీ". డిగ్రీ చదివే పిల్లలకు ఈ మాట వింటేనే మంట. "కవిత అర్థం కావాలని ఏడుంది సార్? లోకంల పెద్ద పెద్ద రచయితలే అర్థం కాకుండ రాసిండ్రు" అంటారు. మేము సార్లమే. అయినా ఆ పిల్లల మాటలో ఎంత నిజముందో చూడాలనిపించి, వాళ్లు చెప్పే ఆ పెద్ద రచయితల గురించి కొన్నేళ్లుగా చదువుతూ వచ్చాం. చదివింది మీ ముందు పెడుతున్నాం.

1929లో పారిస్ నుంచి వచ్చే 'ట్రాన్సిషన్' అనే ఇంగ్లిష్ పత్రిక 'మాట విప్లవం' అంటూ ఒక ప్రకటన అచ్చేసింది. పన్నెండు అంశాలు, కింద పదహారు పేర్లు. ఆ పదహారులో ఒకటి పత్రిక సంపాదకుడు యూజీన్ జోలాస్ తనకు తానే పెట్టుకున్న మారుపేరు. అంటే ఆయన రెండుసార్లు సంతకం చేశాడన్నమాట. సంతకాలకు మనుషులు చాలకపోవడం మన సంఘాలకే కాదు, పారిస్‌లో కూడా ఉందని మాకు నవ్వొచ్చింది. ప్రకటనలో చివరి రెండు అంశాలే అన్నిటికన్నా గట్టివి. రచయిత పని తన లోపలిది బయటపెట్టడమే కానీ ఇంకొకరికి చేరవేయడం కాదన్నది ఒకటి. మామూలు పాఠకుడు ఏ గంగలో దూకినా మాకు పట్టదన్నది రెండోది. మాటలు మావి కావు, తాత్పర్యం మాత్రం అదే.

జోలాస్ అంత కోపంగా ఎందుకు మాట్లాడాడో తెలియాలంటే ఆయన పెరిగిన చోటు తెలియాలి. పుట్టింది 1894లో అమెరికాలో. పసితనంలోనే తల్లిదండ్రులతో లొరేన్‌కు పోయాడు. అది ఫ్రాన్స్‌కూ జర్మనీకీ నడుమ సరిహద్దు నేల, అప్పుడు జర్మనీ ఏలుబడిలో ఉంది. తల్లి వైపు జర్మన్, తండ్రి వైపు ఫ్రెంచ్. పెద్దయ్యాక మళ్లీ అమెరికా చేరి ఇంగ్లిష్‌లో వార్తలు రాసి బతికాడు. మూడు భాషలు ఒక్క నోట్లో పడి కొట్టుకునే మనిషి, పగలంతా పేపర్‌లో అరిగిపోయిన మాటలే రాసే మనిషి, ఇక ఆ మాటలతో నావల్ల కాదు అన్నాడు. ఇంట్లో గోండీ, సంతలో మరాఠీ, బడిలో తెలుగు, ఫోన్‌లో హిందీ, ఉద్యోగానికి ఇంగ్లిష్‌తో పెరిగే మన పిల్లలకు ఆ ఉక్కపోత కొత్త కాదు.

అయినా ఆ పన్నెండో అంశం దగ్గర మేము ఆగిపోయాం. జోలాస్ తిట్టిన మామూలు పాఠకుడు ఎవరు? పొద్దున కాఫీ తాగుతూ పేపర్ తిరగేసే పట్నపు మనిషి. తనకు అర్థం కానిదల్లా తప్పే అనుకునే మనిషి. అతన్ని తిట్టితే తిట్టనీ. కానీ అదే మాటను మన దగ్గరికి తెచ్చి వాడితే అది తగిలేది ఇంకొకరికి. మన మామూలు పాఠకుడి తండ్రి నిన్నటిదాకా వేలిముద్ర వేశాడు. ఇంట్లో అచ్చు కాగితం చదివే మొదటి మనిషి తనే. వాణ్ణి గంగలో దూకమని చెప్పడానికి మనకు నోరు రాకూడదు.

ఒక ముచ్చట చెప్తాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద మా పక్క గూడెం పెద్దమనిషి ఒకాయన తన పోడు భూమికి దరఖాస్తు పెట్టుకున్నాడు. కొంతకాలానికి ఒక కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. తెలుగే. "పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి" అని మొదలై, పేజీ చివరిదాకా ఒకే వాక్యంగా పోయి, "తిరస్కరించడమైనది" అని ముగిసింది. అందులో ఎక్కడో నడుమ, అరవై రోజుల్లోగా పైవాళ్లకు చెప్పుకోవచ్చన్న మాట ఉంది. ఆయన దాన్ని పట్టా వచ్చిందనుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటి దూలానికి కట్టుకున్నాడు. అరవై రోజులు అక్కడే గడిచిపోయాయి. ఆ కాగితం రాసిన మనిషి ఏ ప్రయోగమూ చేయలేదు. అర్థం కాకుండా రాయడం తప్పయ్యే చోటు అది. నోటీసు, మందుల చీటీ, బడి సర్క్యులర్, సంఘం తీర్మానం, ఇలాంటివన్నీ తేటగా ఉండాలి. వాటి దగ్గర వాదనే లేదు.

పిల్లలు "పెద్ద రచయిత" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్న పేరు జేమ్స్ జాయిస్. జోలాస్ పత్రికే 1927 నుంచి ఆయన కొత్త పుస్తకాన్ని ముక్కలుముక్కలుగా అచ్చేసింది. దాదాపు 17 ఏళ్లు రాసి, చూపు పాడై కళ్లకు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుంటూ, 1939లో దాన్ని 'ఫినెగన్స్ వేక్' పేరుతో పూర్తిచేశాడు. చివరి వాక్యం సగంలో ఆగి మొదటి పేజీలో అతుక్కుంటుంది. ఒక్కో మాటలో నాలుగైదు భాషల మాటలు ఇమిడి ఉంటాయి. ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లకు కూడా పేజీ దాటడం కష్టం. అయితే 1929 నాటి ఆ ప్రకటన కింద జాయిస్ సంతకం లేదు. పైగా అదే ఏడు ఆయన స్నేహితులు పన్నెండు మంది వ్యాసాలు రాసి, ఈ పుస్తకాన్ని ఎలా చదవాలో చెప్పే సంపుటం ఒకటి తెచ్చారు. వెనకుండి నడిపించింది జాయిసే. వ్యాసాలు రాసినవాళ్లలో జోలాస్ కూడా ఉన్నాడు! పాఠకుణ్ణి గంగలో దూకమన్న చేత్తోనే గట్టు ఎక్కడానికి తాడు అందించాడు. ఇది ఎగతాళికి అనడం లేదు. ఎంత బింకం చూపినా రాసినవాడికి చదివేవాడు కావాలి.

జాయిస్ ఐర్లండ్ మనిషి. ఆయన పుట్టిన 1882 నాటికి ఆ దేశం ఇంగ్లిష్‌వాళ్ల కింద ఉంది, సొంత భాష చాలా ఊళ్లలో నోళ్ల నుంచి జారిపోయింది. 1916లో వచ్చిన ఆయన మొదటి నవలలో ఒక చోటు ఉంది, దాన్ని మన సార్లందరూ చదవాలి. కాలేజీలో ఇంగ్లిష్ దేశపు పాదిరి ఒకాయన, ఐరిష్ కుర్రాడు మాట్లాడుకుంటూ ఉంటారు. దీపంలో నూనె పోసే గరాటు మాట వస్తుంది. కుర్రాడు తన ఊళ్లో దానికి వాడే మాట అంటాడు. పాదిరి ఆ మాట ఎన్నడూ వినలేదంటాడు, మీ ఐరిష్ మాటా అని అడుగుతాడు. కుర్రాడికి లోపల గుచ్చుకుంటుంది. మేమిద్దరం మాట్లాడే ఈ భాష నాది కాకముందే ఇతనిది కదా అనుకుంటాడు. చాలా రోజుల తర్వాత నిఘంటువు తీసి చూస్తే అది అచ్చమైన పాత ఇంగ్లిష్ మాటే! దొర భాషను దొరకన్నా తనే ఎక్కువ దాచుకున్నాడు. ఆ కుర్రాణ్ణి రాసిన చెయ్యే తర్వాత ఇంగ్లిష్‌ను ముక్కలు చేసి వేరే భాషలన్నీ కలిపి పిసికింది. అందులో ఆట ఎంత ఉందో కసి కూడా అంత ఉందని మాకనిపిస్తుంది.

'ఫినెగన్స్ వేక్'లో ఒక అధ్యాయం చివరి పేజీలను జాయిస్ తన గొంతుతోనే చదివి 1929లో రికార్డు చేయించాడు. ఎనిమిది నిమిషాల పైన ఉంటుంది, ఫోన్‌లో దొరుకుతుంది. మేము దాన్ని ఏడో తరగతి పిల్లలకు ఏమీ చెప్పకుండా వినిపించాం. ముందు నవ్వారు. ఒకరు ముసలవ్వ గొణుగుతున్నట్టుందన్నారు. ఇది కోలామీనా అని ఒకడడిగితే, వెనక బెంచీలో కోలాం పిల్లవాడు లేచి "మా మాట కాదు సార్" అని గట్టిగా చెప్పాడు. అప్పుడు చెప్పాం: ఒక నది, అటు గట్టున ఒకామె, ఇటు గట్టున ఒకామె, ఇద్దరూ బట్టలు ఉతుకుతూ ఊళ్లోవాళ్ల సంగతులు చెప్పుకుంటున్నారు. పొద్దు గుంకుతోంది. నది వెడల్పవుతోంది. ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. చీకట్లో ఒకామె చెట్టవుతుంది, ఇంకొకామె రాయవుతుంది. ఆ మాటల్లోపల లోకంలోని వందల నదుల పేర్లు కలిసిపోయి ఉన్నాయి. ఇంత చెప్పి మళ్లీ పెట్టాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. అర్థమైందా అంటే లేదన్నారు. ఇంకోసారి పెట్టమన్నారు.

ఆ పీరియడ్ తర్వాత మాకు ఒకటి గట్టిగా అనిపించింది. జాయిస్ అర్థం ఇవ్వకపోవచ్చు కానీ చోటు ఇచ్చాడు. నది ఉంది, గట్టు ఉంది, ఇద్దరు ఆడవాళ్లున్నారు, పొద్దు ఉంది. నిలబడి వినడానికి కాలికింద నేల ఉంది. నేల ఉంటే మాటలు సగం జారిపోయినా మనిషి ఉంటాడు.

ఇది మనకు పుస్తకాల ద్వారా తెలియాల్సిన సంగతి కూడా కాదు. ప్రధాన్‌లు కీక్రి వాయిస్తూ రాత్రంతా మన దేవతల కథలు పాడతారు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా దగ్గర కూర్చున్నవాళ్లను అడగండి, పాడిన ప్రతి మాటా అర్థమైందా అని. పాత గోండీ, నడుమ మరాఠీ, ఈ కాలం పిల్లలకు సగం కూడా అందదు. అయినా ఎవరూ లేచి భావం అడగరు. కథ ఎక్కడుందో, తమ సగ వాళ్లు ఎక్కడ విడిపోయారో, ఎప్పుడు ఏడవాలో తెలుసు. ఇంకో సంగతి, తెల్లారి ఆ ప్రధాన్ దగ్గర కూర్చుని ఫలానా మాట ఏంది దాదా అని అడిగితే చెప్తాడు. జాయిస్ కూడా అంతే, తనకు డబ్బు సాయం చేసిన హారియట్ వీవర్ అనే ఆమెకు ఉత్తరాల్లో మాటమాటకూ విడమర్చి రాశాడు. మన పిల్లల కవితలు కొన్నింటి దగ్గర మేము అడిగేది ఈ ఒక్కటే: ఈ మాట ఇక్కడ ఎందుకుంది? "ఊరికే సార్, బాగుందని" అని జవాబొస్తే మాత్రం మేము సార్ల జట్టులోకి పోతాం. కలలో వచ్చింది వచ్చినట్టు రాయాలనే సర్రియలిస్టులు దీనికి ఒప్పుకోరు. శ్రీశ్రీకి కూడా ఆ గాలి సోకింది. వాళ్లతో వాదం ఇంకోసారి.

తెలుగులో ప్రయోగాలు లేవా అంటే ఉన్నాయి. 'ఫినెగన్స్ వేక్' వచ్చిన 1939లోనే పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' వచ్చింది. ఛందస్సును విరగ్గొట్టి, ఇంగ్లిష్ మాటలు కలిపి, పద్యం అంటే ఇదీ అనుకునేవాళ్లను ఉడికించింది. మన పిల్లలకు మేము ముందుగా ఇచ్చేది మాత్రం నవీన్ 'అంపశయ్య'. 1969 నాటి నవల. ఉస్మానియాలో చదివే రవి అనే పల్లెటూరి పేద విద్యార్థి ఒక్క రోజు, పొద్దున నుంచి రాత్రిదాకా, తలలో తిరిగే ఆలోచనలన్నీ. కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ జరగదు. హాస్టల్లో ఉన్న మన పిల్లవాడొకడు చదివి, "ఇందుల ఏం లేదు సార్, కానీ నాకు రోజు ఇట్లనే ఉంటది" అన్నాడు. ఆ నవలకు అంతకన్నా మంచి భావం ఏ గైడ్‌లోనూ ఉండదు.

అయితే అర్థం కాకపోవడాన్ని మరీ ముద్దుచేయొద్దు. ఒకటో తరగతిలో చేరిన గోండు పిల్లకు తెలుగు వాచకమే జాయిస్ పుస్తకం. బొమ్మ చూసి, సార్ ముఖం చూసి, చుట్టూ పిల్లలు ఎప్పుడు చప్పట్లు కొడతారో చూసి నెట్టుకొస్తుంది. కొందరు అలా నెట్టుకొచ్చి టీచర్లయ్యారు. చాలామంది మూడో తరగతికే పశువుల వెంట పోయారు. 1940లలో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండీ వాచకాలతో బడి మొదలుపెట్టించింది ఇందుకే. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చింది కూడా ఇందుకే. కీక్రి దగ్గర కూర్చున్న పిల్ల అర్థం కాకపోతే తల్లి ఒళ్లో నిద్రపోవచ్చు. బడిలో నిద్రపోతే ఫెయిల్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఇంటర్ చదివే మన పిల్లవాడొకడు నీళ్లు ఎండిపోయిన గూడెం గురించి కవిత రాశాడు. అందులో "ఏర్ లేని ఊరు" అని ఒక మాట. తెలుగువాళ్లు చదివితే ఊరి పక్కన ఏరు లేదనుకుంటారు. గోండీలో ఏర్ అంటే నీళ్లు. ఊళ్లో తాగే చుక్క లేదన్నమాట. ఒకే అక్షరాలు, ఒక చెవికి వాగు, ఇంకో చెవికి కడవ. జాయిస్ ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పనిని మన పిల్లవాడు తలచుకోకుండానే చేశాడు, ఎందుకంటే వాడి నోట్లో రెండు భాషలూ ఒకేసారి ఉన్నాయి. ఈ మాటను ఎవరో దిద్ది ఎర్ర సిరాతో కొమ్ము పెట్టారు.

అంతకన్నా పెద్ద దెబ్బ వాడి రెండో కవితకు తగిలింది. దాని పేరు "పేన్ కదిలిన రాత్రి". పేన్ అంటే మన దేవత. ఒక పత్రిక దాన్ని అచ్చేసింది. అచ్చులో పేరు "పేను కదిలిన రాత్రి" అయింది. ప్రూఫ్ చూసినవాళ్లు తప్పు దిద్దామనుకున్నారు. కాలేజీలో పిల్లలు తల గోక్కుంటూ వాణ్ణి ఏడిపించారు. పత్రిక ఇంటికొస్తే వాడి తండ్రి అచ్చులో కొడుకు పేరు చూసి మురిసి, పైన రాసింది చదివించుకుని, మాట్లాడకుండా మడిచిపెట్టాడట. పిల్లవాడు కొన్ని నెలలు కలం ముట్టలేదు.

మళ్లీ ఈ పుస్తకం కోసం ఆ కవిత ఇచ్చినప్పుడు మా సంపాదక బృందంలో వాదన జరిగింది. పక్కనే బ్రాకెట్లో 'దేవుడు' అని పెడదామని ఒకరన్నారు. పిల్లవాడు ఒప్పుకోలేదు. "దేవుడు అంటే గుడిల ఉన్నాయన గుర్తొస్తడు సార్. పేన్ గుడిల ఉండదు" అన్నాడు. వాడి మాట నిజం. అర్థం చెప్పబోయి అర్థం మార్చేస్తాం. మా తోటి టీచరక్క ఒకామె మాత్రం గట్టిగా ఎదురు నిలిచింది. "నువ్వు రాయకపోతే వాళ్లు పేనే అనుకుంటరు. ఒకసారి అనుకున్నరు గదా. మన పేన్‌ను మనమే ఎవరికీ తెల్వకుండ దాచి, మళ్లా అవమానం చేసిండ్రని ఏడుస్తమా?" అంది. ఆమె అడిగినదానికి జోలాస్ దగ్గర జవాబు లేదు.

మేము చెప్పింది ఇది. బ్రాకెట్ వద్దు, మాట మార్చొద్దు. కానీ ఆ రాత్రిలోకి చదివేవాణ్ణి తీసుకుపో. ముందు ఎవరు నడిచారు, ఏ చెట్టు కింద ఆగారు, డోలు ఎప్పుడు ఆగింది, నీ తల్లి ఎందుకు చెప్పులు విడిచింది, అవి రాయి. అవి ఉంటే ఆ మాటను ఎవరూ పురుగు అనుకోరు, దేవుడు అని కూడా తేలిగ్గా అనుకుని దాటిపోరు. పిల్లవాడు వారం తర్వాత నాలుగు పంక్తులు ముందు చేర్చి తెచ్చాడు. కటోడా వచ్చాడు, చెప్పులు వచ్చాయి, డోలు ఆగింది. ఒకటి రెండు చోట్ల మాకు ఇప్పటికీ సరిగా అందదు. అడిగితే వాడు చెప్పాడు, కానీ ఇక్కడ రాయొద్దన్నాడు.

కవిత ఈ పుస్తకంలోనే ఉంది. టీచరక్క ఇంకా ఒప్పుకోలేదు. గోండీ రాని కోయ పిల్లలకూ సవర పిల్లలకూ ఈ పుస్తకం పోతుంది కదా, వాళ్లేం కావాలి అంటోంది. తను రాసిన వ్యాసంలో మాత్రం ప్రతి గోండీ మాటకూ పక్కనే అర్థం పెట్టింది, అది కూడా బాగుంది. ప్రెస్‌కు పంపేటప్పుడు పేన్ అన్న చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "కొమ్ము పెట్టవద్దు" అని రాశాం.